మార్గళి నెల అయిదో తేదీ

మద్రాసులో మన బడి గేటు దాటి తంగసాల వీధి వైపు తిరిగితే, ఎడమచేతి సందు మొదట్లో అద్దె సైకిళ్ళ షాపు ఉండేది. మా 1983 బ్యాచ్ వాళ్ళకు ఆ షాపు గురించి వేరే చెప్పక్కర్లేదు. గంటకు 50 పైసలు. పేరూ తరగతీ నోటుబుక్కులో రాయించుకుని సైకిల్ ఇచ్చేవాడు. అతని అసలు పేరు మాలో ఎవరికీ తెలీదు, అందరికీ భాయ్.

తొమ్మిదో తరగతిలో ఒక సాయంత్రం నేను ఆ సైకిల్‌ను తోపుడుబండికి గుద్దేశాను. ముందు చక్రం సొట్టపోయింది. ఇంట్లో చెప్పే ధైర్యం లేదు, జేబులో పైసా లేదు. ఏడుస్తూ నడిపించుకుంటూ తీసుకెళ్తే భాయ్ ఒక్క మాట అనలేదు. సైకిల్ తలకిందులు చేసి, "చాక్‌పీస్ ఉందా?" అన్నాడు. క్లాస్ లీడర్ని కాబట్టి నా జేబులో ఎప్పుడూ ఒక ముక్క ఉండేది. చక్రం తిప్పుతూ సుద్దను ఫోర్కుకు ఆనించి, రిమ్ముకు తగిలీ తగలనట్టు పట్టుకున్నాడు. వంకర ఉన్నచోట మాత్రమే గీత పడింది. గీత పడ్డచోట స్పోకులు బిగించాడు, వదులు చేశాడు, మళ్ళీ తిప్పాడు. అరగంటలో చక్రం నిలబడింది. "రేపు రా, బ్రేకు పట్టడం నేర్పిస్తా" అన్నాడు. అంతే.

మన తెలుగు మాస్టారి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆయన బోర్డు మీద తారీఖు ఏ రోజూ ఇంగ్లీషు అంకెల్లో వేయలేదు. ౧, ౨, ౩ అంటూ తెలుగు అంకెల్లోనే వేసేవారు. మా చేతా రాయించేవారు, రాయకపోతే ఒక మార్కు కోత. "ఇవి ఎవరికి పనికొస్తాయి సార్?" అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగిన రోజు నాకు గుర్తుంది. మాస్టారు జవాబివ్వలేదు, సుద్ద చేత్తో మా వైపు చూసి మళ్ళీ రాయడం మొదలుపెట్టారు. ఏనుగుల వీరాస్వామి గురించి మొదట విన్నదీ ఆయన దగ్గరే. మన చెన్నపట్నంలో అప్పటి సుప్రీంకోర్టులో దుబాసీ (అనువాదకుడి) పని చేసిన మనిషి, 1830 మే 18న ఇక్కణ్ణుంచే కాశీకి బయల్దేరి, మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగొచ్చాడు. వెంట వంద మంది దాకా పరివారం. ఏ ఊళ్ళో సత్రం ఉంది, ఏ ఊళ్ళో నీళ్ళు మంచివి, ఎక్కడ సామాన్లు దొరుకుతాయి అన్నీ రాసి పెట్టుకున్నాడని మాస్టారు చెబుతుంటే, బయటికి పోవాలన్న కోరిక నాలో పడింది.

ఆ కోరిక తీరడానికి యాభై ఒకటో ఏడు రావలసి వచ్చింది. 2019 జనవరి, సంక్రాంతి వెళ్ళిన మర్నాడు, క్రోంపేటలోని మా ఇంటి నుంచి కన్యాకుమారికి సైకిల్ మీద ఒంటరిగా బయల్దేరాను. సుమారు 700 కిలోమీటర్లు, ఏడు రోజులు. ఆ నెలల్లో ఈశాన్యం గాలి వీపు మీద ఉంటుంది, ఎండ నెమ్మదిగా ఉంటుంది. "దారిలో ఏమైనా అయితే నీకెవరున్నారు?" అని మా ఆవిడ అడిగింది. ఎవరి అవసరమూ పడకుండా చూసుకుంటానన్నాను. నిజంగానే అలా సర్దుకున్నాను. రెండు ట్యూబులు, పంచర్ సామాను, పంపు, మందులు, ప్రతి ఊళ్ళో లాడ్జి ఖర్చు లెక్కగట్టి విడివిడి కవర్లలో డబ్బు. ఎవరికీ రుణపడకూడదని నా పట్టుదల.

చెంగల్పట్టు దాటేసరికే ఆ పట్టుదల సడలడం మొదలైంది. తైపూసం పండుగ ముందు రోజులు. మేల్‌మరువత్తూరు అమ్మవారి గుడి వైపు ఎర్ర చీరల ఆడవాళ్ళు ఇరుముడులతో బారులు తీరి వెళ్తున్నారు, వాళ్ళ కోసం రోడ్డు పక్కన పందిళ్ళు వేసి మజ్జిగ పోస్తున్నారు. నేను తలొంచుకుని తొక్కుకుపోతుంటే ఒక పిల్లవాడు గ్లాసు పట్టుకుని నా పక్కనే పరుగెత్తాడు. వద్దని చెయ్యి ఊపాను. అయినా ఆగలేదు. వంద గజాలు పరుగెత్తాక నేనే ఆగాను. వాడి చేతిలో మజ్జిగ సగం ఒలికిపోయింది. ఆ సగం గ్లాసు తాగుతుంటే నాకు సిగ్గేసింది.

రెండో రోజు మధ్యాహ్నం, ఉళుందూర్‌పేట దాటాక, వెనక చక్రంలో టప్పుమని శబ్దం. స్పోకు విరిగింది. క్యారియర్ మీద బరువు ఎక్కువైతే మొదట పోయేవి వెనక చక్రం స్పోకులే, అందులోనూ ఫ్రీవీల్ (చైను తిప్పే పళ్ళచక్రం) వైపువి. సైకిల్ తొక్కేవాళ్ళకు ఇది తెలిసిన బాధే. కొత్త స్పోకు ఎక్కించాలంటే ఫ్రీవీల్ ఊడదీయాలి. గేర్ల సైకిల్ ఫ్రీవీల్ ఊడదీసే పనిముట్టు పల్లెటూరి షాపులో ఉండదు, నా సంచిలోనూ లేదు. రిమ్ము బ్రేకుకు రాసుకుంటుంటే మూడు కిలోమీటర్లు నడిపించుకుంటూ వెళ్ళాను.

వేపచెట్టు కింద ఒక మెకానిక్ దొరికాడు. అరవై దాటిన మనిషి. చక్రం చూసి, ఫ్రీవీల్ మీద వేలు ఆడించి, లోపల్నుంచి మామూలు సైకిల్ స్పోకు ఒకటి తెచ్చాడు. అది నా చక్రానికి కావలసినదానికన్నా పొడుగు. తల కత్తిరించి, ఆ కొసను కటింగ్ ప్లయరుతో రెండుచోట్ల వంచాడు, మెట్టులాగా. ఆ వంపును హబ్బు కంతలోకి పక్కనుంచి జొనిపి తిప్పితే కొక్కెంలా పట్టుకుంది. ఫ్రీవీల్ ముట్టుకోలేదు. రెండో కొసన నిప్పిల్ బిగించాడు. ఆ తర్వాత చొక్కా జేబులోంచి చాక్‌పీస్ తీశాడు.

ముప్పై ఆరేళ్ళ తర్వాత అదే గీత చూశాను. రిమ్ము తిరుగుతోంది, వంకర ఉన్నచోట తెల్లగా పడుతోంది. నాకు కళ్ళు మసకబారాయి. ఆయనకు ఏమీ అర్థం కాలేదు, చక్రం బాగవుతుందిలే అన్నట్టు భుజం తట్టాడు. స్పోకుకు ఇరవై రూపాయలు తీసుకున్నాడు. మిగతా పనికి "కాసు వేండాం", డబ్బు వద్దు, అన్నాడు. దూరం వెళ్ళేవాడివి, మళ్ళీ వంకర పోతే ఉంటుందని ఆ సుద్దముక్క కూడా నా చేతిలో పెట్టాడు.

అక్కడ రెండు గంటలు పోయాయి. పొద్దు గూకింది, లాడ్జి ఇంకా చాలా దూరం. పైన వెన్నెల ఉన్నా లారీల వెలుగులో అది దారికి ఆనదు. అలా వెళ్తుంటే ఒక లారీ నన్ను దాటిపోకుండా వెనకే ఉండిపోయింది. భయమేసి పక్కకు తప్పుకున్నాను. అదీ నెమ్మదించింది. క్లీనర్ తల బయటపెట్టి మొదట తమిళంలో, తర్వాత నా నోట వచ్చిన "ఏంటయ్యా" విని తెలుగులో అరిచాడు: "తొక్కు బాబాయ్, భయం లేదు, మేం వెనకాల ఉన్నాం!" గుంటూరు బండి, విరుదునగర్‌కు మిరపకాయలు వేసుకెళ్తోంది. ఇండికేటర్ వేసి, ఆరు కిలోమీటర్లు, పెట్రోలు బంకు వచ్చేదాకా నా వేగంతోనే నడిపాడా డ్రైవర్. లోడు బండిని ఫస్టు, సెకండు గేర్లలో అంతసేపు నడపడమంటే ఎంత డీజిలు ఖర్చో, ఎంత విసుగో రోడ్డు తెలిసినవాళ్ళు ఊహించుకోగలరు. బంకు వెనక స్టవ్వు పెట్టి అన్నం వండారు. సీసాలో ఇంటి నుంచి తెచ్చుకున్న గోంగూర. ఆ రాత్రి బంకు వరండాలో, వాళ్ళ టార్పాలిన్ మీదే పడుకున్నాను. లాడ్జి కవరు కవరులోనే ఉండిపోయింది.

మధురైలో స్టేషన్ ఎదురుగా రాణి మంగమ్మ సత్రం ముందు సైకిల్ ఆపి కాసేపు నిలబడ్డాను. 1689 నుంచి మనవడి తరఫున మధుర రాజ్యాన్ని ఏలిన తెలుగు రాణి. రోడ్లు వేయించింది, చెట్లు నాటించింది, సత్రాలు కట్టించింది. మధుర నుంచి కన్యాకుమారికి పోయే పాతబాటను మంగమ్మాళ్ సాలై అనే అంటారు. ఈ దక్షిణపు దారుల్లో ఇంకో వస్తువు ఉంటుంది, సుమైతాంగి కల్లు. రెండు నిలువు రాళ్ళు, వాటి మీద అడ్డంగా ఒక బండ. నెత్తిన మూట ఉన్న మనిషి ఎవరి సాయమూ లేకుండా ఆ బండ మీదికి బరువు దించుకోవచ్చు, మళ్ళీ ఎత్తుకోవచ్చు. కడుపుతో ఉండగానే చనిపోయిన ఆడవాళ్ళ పేరున ఇంటివాళ్ళు వీటిని నిలబెట్టేవారట. దింపలేకపోయిన బరువు గుర్తుగా, దారినపోయే ఎవరి బరువో దించడానికి. నేను ఒకదాన్ని చేత్తో తడిమి చూశాను. అంచు నున్నగా అరిగిపోయి ఉంది.

ఇక కోవిల్‌పట్టి.

సాత్తూరు దాటాక నేల నల్లబడుతుంది. కరిసల్ అంటారు, మన నల్లరేగడే. పత్తి, మినుము, సజ్జ. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలు, పల్లీపట్టీల దుకాణాలు. ఆ కడలైమిట్టాయికి మరుసటి ఏడు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తమిళంలో గొప్ప కథకుడు కి. రాజనారాయణన్‌ది ఈ పక్కనే ఉన్న ఇడైసెవల్. ఇంట్లో మాట తెలుగు, రాసింది తమిళం. ఆ చుట్టుపక్కల వందల ఏళ్ళ కింద వలసవచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో. ఇదంతా నాకు చదువు ద్వారా తెలుసు. చెవితో విన్నది మాత్రం ఆ సాయంత్రమే.

నీళ్ళ కోసం హైవే దిగి ఒక ఊళ్ళోకి వెళ్ళాను. ఒక ముసలమ్మ వాకిట్లో నిలబడి ఎవరినో గదమాయిస్తోంది: "ఎనుముకు నీళ్ళు పెట్టినావా లేదా?"

"అవ్వా, మీరు తెలుగువాళ్ళా?" అన్నాను.

ఆమె తేరిపార చూసింది. "ఇది మా ఇంటి మాట. నీకెట్ల వస్తాది?"

మద్రాసు నుంచి సైకిల్ మీద వస్తున్నానంటే నమ్మలేదు. సైకిల్ దగ్గరికొచ్చి సంచులు తట్టి చూసింది. "ఇంక పొద్దు లేదు. కూడు తినేసి, ఈడనే పండుకో" అంది. కూడు అనే మాటను మనం విసుక్కోవడానికి దాచుకున్నాం. ఆమె నోట అది తల్లి పిలిచినట్టు ఉంది. సద్దకూడు, మజ్జిగ, కాల్చిన ఎండుమిరపకాయ. నేను వద్దనలేదు. మజ్జిగ గ్లాసుతో పరుగెత్తిన పిల్లవాడు నాకు ఆపాటి బుద్ధి నేర్పాడు.

తిన్నాక ఆమె కొడుకు అడిగాడు, బడిలో తెలుగు చదువుకున్నానా అని. చదువుకున్నానన్నాను. ట్రంకుపెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన పుస్తకం తెచ్చాడు. "తాత రాసింది. మా ఇంట్లో ఎవరికీ ఈ అక్షరం రాదు." గుళ్ళో అయ్యగారికీ చూపించారట, ఆయనకూ రాదు.

ట్యూబులైటు కింద విప్పాను. మాటకూ మాటకూ మధ్య ఎడం లేని పాతకాలపు రాత. అంచులు చెదలు తిన్నాయి. అంకెలన్నీ తెలుగు అంకెలు. పత్తి మూటలు ౭. ఎద్దు ఒకటి, రూ. ౪౨. వాన లేదు. వాన లేదు. వాన కురిసినది. ఒక్కో వరుసా పైకి చదువుతుంటే కొడుకు, కోడలు, మనవరాలు నేల మీద కూర్చుని వింటున్నారు, అవ్వ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. ౨, ౩ దగ్గర రెండుసార్లు తడబడి వెనక్కి వెళ్ళాను. మాస్టారు చూస్తున్నట్టే ఉంది.

నాలుగో పేజీ చివర ఇలా ఉంది: "విక్రమ వరుషం మార్గళి నెల ౫ తేది రేత్రి ఆడ శిశువు పుట్టినది. దీపము పెట్టినాము." ఆ కింద పేరు.

ఆ పేరు చదవగానే అవ్వ కళ్ళు తెరిచింది. "ఇంగోసారి చదువు" అంది. చదివాను. విక్రమ వరుషం మార్గళి (తమిళుల ధనుర్మాసం) అయిదో తేదీ అంటే 1940 డిసెంబరు. ఆమె ఆధార్ కార్డులో 1-1-1937 అని ఉంది, ఎవరో ఉజ్జాయింపుగా వేసింది. ఆమెకు తను పుట్టిన రోజు డెబ్బై ఎనిమిదేళ్ళకు తెలిసింది. ఆమె వయసు గురించి మాట్లాడలేదు. "దీపం పెట్టినారా?" అని అడిగింది. ఆడపిల్ల పుట్టినందుకు నాయన దీపం పెట్టాడన్నది ఆమెకు ఎవరూ చెప్పలేదట.

"ఇందులో నా పేరు యాడుంది?"

చూపించాను. వేలు పెట్టి దాని మీదే దిద్దింది, ఒకసారి, రెండుసార్లు. కాగితం చిరుగుతుందేమోనని కోడలు చెయ్యి పట్టుకుంది. అప్పుడు నా సంచిలో సుద్దముక్క గుర్తొచ్చింది. లోపలి గోడ మీద, ఆమె చెయ్యి అందే ఎత్తులో, పెద్ద అక్షరాలతో ఆమె పేరు రాశాను. నేను పొద్దున్నే లేచేసరికి ఆమె ఆ గోడ ముందే కూర్చుని ఉంది.

కన్యాకుమారి గురించి రాయడానికి పెద్దగా లేదు. కయత్తారులో, 1799లో కట్టబొమ్మన్‌ను ఉరితీసిన ఊళ్ళో, కాసేపు ఆగాను. ఆరల్వాయ్‌మొళి దగ్గర గాలిమరల మధ్య నుంచి వెళ్ళాను. సముద్రం చూశాను. సైకిల్‌ను లగేజీలో బుక్ చేసి కన్యాకుమారి ఎక్స్‌ప్రెస్‌లో ఎగ్మూరు వచ్చేశాను. వంపు తిప్పిన ఆ స్పోకు కన్యాకుమారిదాకా ఆగింది, ఇంటికొచ్చాకా ఆగింది. నేను తీయించలేదు.

అప్పట్నుంచి క్రోంపేటలో మా ముందుగది సైకిల్ మీద దూరాలు పోయేవాళ్ళది. అలాంటివాళ్ళకు చోటిచ్చే వార్మ్‌షవర్స్ అనే బృందం 1993 నుంచి ఉంది, దానిలో చేరాను. జీఎస్టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు మా వీధి చివరే కాబట్టి దక్షిణానికి పోయేవాళ్ళు తరచు తలుపు తడతారు. మా ఆవిడ ఇప్పుడు "ఎవరున్నారు?" అనడం మానేసి, "ఎంతమంది?" అంటుంది. విశాఖ నుంచి వచ్చిన ఒక కుర్రాడి చేత అవ్వ మనవరాలికి పలక, అక్షరాల పుస్తకం పంపించాను. ఆ పిల్ల ఇప్పుడు నాకు తెలుగులో మెసేజి పెడుతుంది. ఒత్తులు తప్పుతుంది, దిద్ది పంపిస్తాను.

ఏటా మార్గళి అయిదున అవ్వకు ఫోన్ చేస్తాను. పోయినసారి, వయసు మీద పడుతోంది, ఈసారి బస్సులో వస్తానన్నాను.

"బస్సులో వద్దు నాయనా" అంది. "సైకిలు తొక్కుకోని రా. ఆకలితో వస్తావు."