పొదలు కొట్టారు, మరి చెత్త సంగతి?

చంద్రపూర్‌లో మా కాలనీ వెనక నాలా పక్కన మనిషెత్తు పెరిగిన సర్కారు తుమ్మను ఈ వారం కొట్టించారు. పొద్దున వాకింగ్‌కి వెళ్తే మలుపు అవతల ఎవరొస్తున్నారో కనిపించింది, ప్రాణం లేచొచ్చింది నిజంగా. తాడోబా అడవి పక్కనే ఉన్న ఊరు మనది, థర్మల్ ప్లాంటు చుట్టూ పొదల్లో పులులు, చిరుతలు తిరుగుతాయని ఇక్కడ చిన్నపిల్లలకీ తెలుసు.

కానీ అదే గట్టు మీద కోడి ఈకలూ పేగులూ ఉన్న సంచి చిరిగి పడి ఉంది, చుట్టూ కుక్కలు, పందులు. చిరుత మనకోసం రాదండీ, ఆ కుక్కల కోసమే వస్తుంది, చీకట్లో పొదల దగ్గర వంగి కూర్చున్న మనిషి కూడా దానికి చిన్న జంతువులాగే కనిపిస్తాడు, అందుకే చెత్త వదిలేసి పొదలు కొడితే సగం పనే అయినట్టు. పైగా వేళ్లతో సహా తీయకపోతే సర్కారు తుమ్మ మళ్లీ చిగురేస్తుంది, కొట్టిన కంప అక్కడే ఎండితే ఎండాకాలంలో ఒక్క బీడీ ముక్క చాలు. గట్టు మట్టిని పట్టుకుని ఉన్న కానుగ మొక్కల్ని కూడా నరికేశారు, అది మాత్రం చాలా బాధేసింది.

చికెన్ షాపు అన్నతో మాట్లాడాను, ఇకనుంచి మూత డబ్బాలో పెట్టి చెత్త బండికే ఇస్తానన్నాడు. నాలా దగ్గర లైటు కోసం అర్జీ రాస్తున్నాం, ఆదివారం పొద్దున గుడి దగ్గరికి వచ్చి సంతకం పెట్టండి. అప్పటిదాకా చీకటి పడ్డాక పిల్లల్ని అటువైపు ఒంటరిగా పంపకండి.