వచ్చిన మాటలు పోయాక: పాపతో పరీక్షల దారిలో

మా పాపకు ఏడాదిన్నర దాటాక మాటలు తగ్గడం మొదలైంది. అమ్మ, తాత, బంతి, టాటా అన్నీ అనేది. ఒక్కరోజులో పోలేదు, ఒకదాని వెనక ఒకటి వినపడటం మానేశాయి. పిలిస్తే తిరగడం, వేలితో చూపించడం కూడా ఆగిపోయాయి. "కొందరికి ఆలస్యంగా వస్తాయిలే" అన్నారు ఇంట్లో అందరూ. రాకపోవడం వేరు, వచ్చినవి పోవడం వేరు కదా! డాక్టర్‌గారు కూడా అదే అన్నారు: వచ్చిన మాట పోతే ఏ వయసులోనైనా చూద్దాంలే అని ఆగకూడదట. ఆటిజం కావచ్చని ఆయనకు అనుమానం.

ఆయన మొదట అడిగింది, ఏది ఎప్పుడు పోయిందని. నేను చెప్పిన నెల, మా ఆయన చెప్పిన నెల కలవలేదు. ఫోన్‌లోని వీడియోలే తేల్చాయి, వాటికి తేదీలుంటాయి. పుట్టినరోజు వీడియోలో పేరు పిలవగానే తిరిగి నవ్వింది. తర్వాతి వాటిలో తిరగలేదు. ఇంకో విషయం ఆయనే చూపించారు: మాటలున్న రోజుల్లోనే మా ముఖాల కంటే బంతినే ఎక్కువ చూసేది. ఇలా మాటలు పోయే చాలామంది పిల్లల్లో ఇలాంటి చిన్న గుర్తులు ముందే ఉంటాయట. ఆటిజం ఉన్నవారిలో దాదాపు మూడోవంతు మందికి ఇలా వచ్చినవి పోతాయని, ఎక్కువగా రెండేళ్లలోపే మొదలవుతుందని చెప్పారు.

ముందు వినికిడి పరీక్ష. శబ్దానికి చెవి నరం, మెదడు స్పందిస్తున్నాయో లేదో చూసే బేరా (BERA) పరీక్ష చేయాలంటే పాప నిద్రపోవాలి. పరీక్ష కంటే ఆ నిద్రే పెద్ద పని. వినికిడి బాగానే ఉంది. ఆడపిల్ల కాబట్టి, ఎక్కువగా ఆడపిల్లల్లోనే కనిపించే రెట్ సిండ్రోమ్ అనే జన్యు సమస్య సంగతీ చూశారు. అందులో చేతుల వాడకం పోతుంది, చేతులు పిసుక్కుంటూ ఉంటారు, తల ఎదుగుదల నెమ్మదిస్తుంది. మా పాప నేల మీది చిన్న పూసను కూడా వేళ్లతో తీసేది, నడకా మారలేదు. అయినా జన్యు పరీక్షకు రక్తం తీశారు. ఆ రిపోర్టు వచ్చేదాకా పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను. నార్మల్ అని వచ్చింది. అప్పుడప్పుడు శూన్యంలోకి చూస్తుందని చెబితే మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీ కూడా తీశారు, మూర్ఛ లక్షణాలు కనిపించలేదు.

ఈలోపు ఒక బంధువు "టీకా వల్లేనేమో" అన్నారు. ఆ మాటకు మూలమైన 1998 నాటి వ్యాసాన్ని దాన్ని వేసిన లాన్సెట్ అనే వైద్య పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. ఆ టీకాలు వేసే వయసూ, ఈ మార్పు బయటపడే వయసూ ఒకటే కావడంతో అలా అనిపిస్తుంది, అంతే. నేను ఆ వాదన పొడిగించలేదు.

ఆటిజం అని రాతపూర్వకంగా రాకముందే స్పీచ్ థెరపీ మొదలుపెట్టించారు, అది మాకు మేలే చేసింది. ఇప్పుడు కావాల్సిన దాని దగ్గరికి మా చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది. "బంతి" తిరిగి వచ్చింది, "తాత" ఇంకా రాలేదు. మూర్ఛలు తర్వాతైనా రావచ్చు కాబట్టి, తేడాగా ఏది కనిపించినా వీడియో తీసి తెమ్మన్నారు.