గ్రూప్-1 మెయిన్స్: చట్టాల ప్రభావ అంచనా టాపిక్‌ని నేను చదివిన తీరు

గ్రూప్-1 మెయిన్స్‌లో పాలన భాగం చదివేటప్పుడు చాలామంది ఒక టాపిక్‌ని తేలిగ్గా దాటేస్తారు. ప్రభుత్వం ఒక చట్టమో పథకమో తెచ్చే ముందు, తెచ్చిన తర్వాత దాని ప్రభావాన్ని ఎలా లెక్కగడుతుంది అన్నది ఆ టాపిక్. కోచింగ్ నోట్సుల్లో దీనికి నాలుగు లైన్ల నిర్వచనం, కింద ప్రయోజనాలు, సవాళ్లు అని రెండు జాబితాలు ఉంటాయి. వాటితో రాసిన జవాబు అందరి జవాబులాగే ఉంటుంది. నేను మాత్రం నిర్వచనాలు పక్కన పెట్టి, కొన్ని చట్టాలను బిల్లు కాగితం దగ్గర మొదలుపెట్టి కోర్టు హాలు వరకు, పంచాయతీ ఆఫీసు వరకు వెంటాడుతూ చదివాను. తెలుగు మీడియం వాళ్లకు ఈ టాపిక్ మీద మెటీరియల్ తక్కువ కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు ఒక బిల్లు తెరిచి చివరి పేజీలకు వెళ్లండి. సెక్షన్లు అయిపోయాక ఉద్దేశాలు, కారణాల వివరణ ఉంటుంది. ఆ తర్వాత ఖర్చుతో ముడిపడిన బిల్లయితే ఫైనాన్షియల్ మెమొరాండం ఉంటుంది. లోక్‌సభ నియమావళిలో 69వ నియమం ప్రకారం ఏ క్లాజుల వల్ల ఖర్చవుతుందో, ఒకసారి పెట్టే ఖర్చెంతో, ఏటేటా పెట్టాల్సిందెంతో అందులో చెప్పాలి. సంచిత నిధి (ప్రభుత్వ ఖజానా) నుంచి ఖర్చయ్యే బిల్లును రాష్ట్రపతి సిఫార్సు లేకుండా సభ ఆమోదించడానికి వీల్లేదని 117(3) అధికరణ చెబుతుంది. రాష్ట్రాలకు అదే మాట 207(3)లో ఉంది. మన దేశంలో చట్టం రాకముందే దాని భారాన్ని అంచనా వేయించే పాత, గట్టి ఏర్పాటు ఇదే. కానీ ఇది లెక్క చూసేది ఖజానా మీద పడే ఖర్చునే. జనం మీద, కోర్టుల మీద, వ్యాపారాల మీద పడే భారం అందులో ఉండదు. ఈ ఖాళీని పట్టుకుంటే టాపిక్‌లో సగం మీ చేతికి వచ్చినట్టే.

ఆ ఖాళీ ఎంత పెద్దదో నాకు చెక్ బౌన్స్ చట్టం చూపించింది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1881 నాటిది. 1988 సవరణతో అందులో 138వ సెక్షన్ చేరి, 1989 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు చెక్కు చెల్లకపోతే సివిల్ దావా వేసుకోవాల్సిన విషయం ఒక్కసారిగా నేరమైంది. ఉద్దేశం మంచిదే, చెక్కు మీద జనానికి నమ్మకం పెరగాలి. చెక్కు తిరిగొచ్చాక నోటీసు ఇవ్వాలి, డబ్బు కట్టడానికి 15 రోజులు గడువివ్వాలి, అప్పటికీ కట్టకపోతే మేజిస్ట్రేట్ దగ్గర ఫిర్యాదు చేయాలి. కాగితం మీద చూస్తే చాలా సులువైన పద్ధతి.

మా బాబాయికి ఎరువులు, పురుగుమందుల షాపుంది. అరువు తీసుకున్న ఒకాయన ఇచ్చిన చెక్కు బౌన్స్ అయితే కేసు వేశాడు. ఒక వాయిదాకు నేనూ తోడు వెళ్లాను. పొద్దున పిలుపులు మొదలైన దగ్గర్నుంచి ఒకదాని వెంట ఒకటి చెక్ కేసులే. సమన్లు అందలేదని ఒకటి, అడ్రసు మారిందని ఒకటి, వారంటు తిరిగొచ్చిందని ఇంకొకటి, అన్నిటికీ వాయిదాలు. ఫైనాన్స్ కంపెనీల తరఫున వచ్చిన ఒక గుమాస్తా చేతిలో కట్టకు కట్ట ఫైళ్లున్నాయి. అప్పిచ్చేటప్పుడే సెక్యూరిటీ కింద ఖాళీ చెక్కులు తీసుకుని, వాయిదా తప్పగానే బ్యాంకులో వేసి, బౌన్స్ కాగానే కోర్టుకు రావడం అక్కడ అలవాటైపోయింది. ఒక హాలు, ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు ముగ్గురు సిబ్బంది. ఈ కొత్త నేరం వల్ల ఎన్ని కేసులొస్తాయి, వాటిని వినడానికి ఎంతమంది జడ్జీలు కావాలి అన్న ప్రశ్న చట్టం రాసేటప్పుడే లెక్కల్లోకి రావాల్సిందని ఆ హాల్లో కూర్చుంటే ఎవరికైనా అనిపిస్తుంది.

అంకెలు కూడా అదే చెబుతాయి. లా కమిషన్ 2008లో తన 213వ నివేదికను ఈ చెక్ కేసుల కోసమే రాసింది. పెండింగ్‌లో 38 లక్షలకు పైగా ఉన్నాయని చెప్పి, వీటికి ప్రత్యేక ఫాస్ట్ ట్రాక్ మేజిస్ట్రేట్ కోర్టులు పెట్టమంది. 2021లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చూపిన లెక్క ప్రకారం 2019 చివరికి పెండింగ్‌లో ఉన్న 2.31 కోట్ల క్రిమినల్ కేసుల్లో 35.16 లక్షలు 138వ సెక్షన్ కిందివే. అంటే నూటికి పదిహేను. ఒక్క సెక్షన్ చేసిన పని ఇది. ఈ రెండు అంకెలు గుర్తుంటే చాలు, జవాబుకు బలం వస్తుంది.

ఇక్కడ మన తెలుగువాళ్ల పేర్లు రెండు తప్పకుండా రాయండి. సివిల్ విచారణ పద్ధతుల సవరణల మీద నడిచిన సేలం అడ్వకేట్ బార్ అసోసియేషన్ కేసులో 2005లో సుప్రీంకోర్టు తీర్పు వెనక జస్టిస్ ఎం. జగన్నాధరావు కమిటీ నివేదిక ఉంది. ఆయన అధ్యక్షతనే ఏర్పడిన టాస్క్‌ఫోర్స్ న్యాయవ్యవస్థ మీద ప్రభావ అంచనా గురించి 2008లో నివేదిక ఇచ్చింది. అందులోని మాట సూటిగా ఉంటుంది. కొత్త చట్టం వల్ల ఎన్ని సివిల్, క్రిమినల్ కేసులు రావచ్చో, వాటికి ఎంతమంది జడ్జీలు, సిబ్బంది, ఎంత ఖర్చు కావాలో బిల్లుతో పాటే ఫైనాన్షియల్ మెమొరాండంలో చెప్పాలి. రెండో పేరు జస్టిస్ ఎన్.వి. రమణ. ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా 2021 నవంబర్‌లో, చట్టసభలు తాము చేసే చట్టాల ప్రభావం మీద అధ్యయనం చేయడం లేదని అంటూ ఆయన ఇదే 138వ సెక్షన్‌ను ఉదాహరణగా చూపారు. నెల తిరగకుండానే విజయవాడ ప్రసంగంలో బీహార్ 2016 మద్యనిషేధ చట్టం గురించి మాట్లాడారు. ముందుచూపు లేకుండా రాసిన చట్టం వల్ల హైకోర్టు బెయిల్ పిటిషన్లతో నిండిపోయిందని, మామూలు బెయిల్ తేలడానికే ఏడాది పడుతోందని చెప్పారు. మద్యనిషేధం మంచిదా చెడ్డదా అన్న వాదన జోలికి వెళ్లకుండా, అమలు భారం గురించి మాత్రమే రాయండి. ప్రశ్న అడిగేది దాని గురించే.

సంప్రదింపుల విషయానికొస్తే, 2014లో కేంద్రం చట్టానికి ముందు ప్రజాసంప్రదింపుల విధానం తెచ్చింది. ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందు పెట్టాలి. దాంతో పాటు అయ్యే ఖర్చు, పర్యావరణం మీద, ప్రాథమిక హక్కుల మీద, ఆ చట్టం తగిలే వాళ్ల జీవితాలు, జీవనోపాధి మీద పడే ప్రభావం అంచనా ఇవ్వాలి. వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని వెబ్‌సైట్‌లో పెట్టాలి. చదవడానికి ఎంతో బాగుంటుంది కానీ దీనికి చట్టబద్ధత లేదు. కుదరదనుకుంటే మంత్రిత్వ శాఖ కారణాలు కేబినెట్ నోట్‌లో రాసి ముందుకెళ్లిపోవచ్చు. 2022 నవంబర్‌లో డిజిటల్ వ్యక్తిగత డేటా బిల్లు ముసాయిదా పెట్టినప్పుడు, వచ్చిన సూచనలను బయటపెట్టబోమని ముందే చెప్పారు. ఎవరు ఏం చెప్పారో తెలియకపోతే, ఎవరి మాట చెల్లిందో ఎవరి మాట చెల్లలేదో తెలిసే దారి ఉండదు.

చట్టబద్ధంగా ప్రభావ అంచనా ఉన్న చోటు భూసేకరణ చట్టం, 2013. దీన్ని వదిలితే మార్కులు వదిలినట్టే. సామాజిక ప్రభావ అంచనాను ఆరు నెలల్లో పూర్తి చేయాలి, గ్రామంలో బహిరంగ విచారణ జరగాలి. తర్వాత స్వతంత్ర నిపుణుల బృందం పరిశీలిస్తుంది. అందులో ప్రభుత్వంతో సంబంధం లేని సామాజిక శాస్త్రవేత్తలు ఇద్దరు, పంచాయతీ లేదా గ్రామసభ ప్రతినిధులు ఇద్దరు, పునరావాస నిపుణులు ఇద్దరు, ప్రాజెక్టు తెలిసిన సాంకేతిక నిపుణుడు ఒకరు ఉంటారు. లాభం కంటే నష్టమే ఎక్కువని వాళ్లు తేలిస్తే ప్రాజెక్టు ఆపాలి. అయినా ముందుకెళ్లాలంటే ప్రభుత్వం కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇంత గట్టి అంచనా మన చట్టాల్లో ఇంకెక్కడా నాకు కనిపించలేదు. అందుకే దీన్నుంచి తప్పించుకునే దారులూ త్వరగానే వచ్చాయి. గుజరాత్, తమిళనాడులతో పాటు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కూడా సొంత సవరణలు చేసుకుని, కొన్ని రకాల ప్రాజెక్టులకు చట్టంలోని ఈ ప్రభావ అంచనా అధ్యాయం నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం తెచ్చుకున్నాయి. అంచనాకు సమయం పడుతుందన్నది ప్రభుత్వాల వాదన. సాగునీటి ప్రాజెక్టు ఆలస్యమైతే రైతుకే నష్టం కదా అంటారు. ఆ వాదనను కూడా న్యాయంగా రాయండి. కానీ భూమి పోయే కుటుంబంతో పాటు ఆ భూమిలో పనిచేసే కూలీని, కౌలుదారుని లెక్కలోకి తెచ్చేది ఈ అధ్యాయమే. అది తీసేస్తే వాళ్లు కాగితం మీదకే రారు. నా జవాబులో నేను వాళ్ల పక్షానే రాస్తాను.

తొందరలో వచ్చిన చట్టానికి ఉదాహరణ కావాలంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేదలకు చిన్న అప్పులిచ్చే సంస్థల మీద వచ్చిన మైక్రోఫైనాన్స్ ఆర్డినెన్స్ చదవండి. 2010 అక్టోబర్‌లో వచ్చింది. వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తలతో రాష్ట్రం అట్టుడుకుతున్న సమయం అది. వేధింపులు నిజం, ప్రభుత్వం ఊరుకోలేని పరిస్థితీ నిజం. సంస్థలు రిజిస్టర్ చేసుకోవాలని, పంచాయతీ ఆఫీసు లాంటి బహిరంగ చోట్లే వసూలు చేయాలని, వడ్డీ అసలును మించకూడదని నిబంధనలు పెట్టారు. ఆ తర్వాత పాత అప్పులు తిరిగి కట్టడం దాదాపు ఆగిపోయింది, కొత్త అప్పులూ ఆగిపోయాయి. ఆర్థికవేత్తలు తర్వాత చేసిన అధ్యయనంలో ఇంకో విషయం తేలింది. మన రాష్ట్రంలో డబ్బు ఇరుక్కుపోయిన సంస్థలు ఇతర రాష్ట్రాల్లో కూడా అప్పులు తగ్గించడంతో, అక్కడి పల్లెల్లో దినకూలి రేట్లు పడిపోయాయి. హైదరాబాద్‌లో రాసిన ఆర్డినెన్స్ దెబ్బ, దాని పేరు కూడా వినని వేరే రాష్ట్రం కూలీకి తగిలింది. పరోక్ష ప్రభావం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నా నోట్సులో లేదు.

మంచి అంచనాకు కూడా మన దగ్గరే ఉదాహరణ ఉంది. ఉపాధి హామీ కూలీ, పింఛన్లు స్మార్ట్‌కార్డుల ద్వారా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, ఉమ్మడి రాష్ట్రంలో 8 జిల్లాల్లో ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. 157 మండలాలు, సుమారు 1.9 కోట్ల జనాభా. ముందు కార్డులొచ్చిన మండలాలను రాని వాటితో పోల్చితే డబ్బు త్వరగా చేతికొచ్చింది, మధ్యలో మాయమయ్యేది తగ్గింది. ఇందులో నాకు బాగా నచ్చినది వేరే. కింది స్థాయి నుంచి ఫిర్యాదులు రావడంతో ఒక దశలో ప్రభుత్వం ఆ పథకాన్ని ఆపేసే ఆలోచన దాకా వెళ్లింది. లబ్ధిదారుల్లో ఎక్కువమంది కార్డే కావాలంటున్నారని సర్వే చూపడంతో కొనసాగించారు. అధికారుల చెవిన పడేది గట్టిగా అరిచేవాళ్ల మాటే అయినప్పుడు, మాట్లాడనివాళ్ల మాటను సర్వే వినిపించింది. దీని పక్కనే ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ కింద జరిగిన సామాజిక తనిఖీలు (పనుల లెక్కలను ఊరి జనం ముందే సరిచూడటం), 2009లో మన రాష్ట్రం అందుకోసం పెట్టిన ప్రత్యేక సొసైటీ గురించి కూడా రాసుకోండి.

విదేశాలకు రెండు వాక్యాలు చాలు. అమెరికాలో 1981 నుంచి పెద్ద నియంత్రణలకు లాభనష్టాల లెక్క తప్పనిసరి చేశారు. యూరోపియన్ యూనియన్‌లో ఆ అంచనాల నాణ్యతను పరిశీలించే ప్రత్యేక బోర్డు 2015 నుంచి ఉంది. మన దగ్గర 2013లో దామోదరన్ కమిటీ ఇలాంటిదే సిఫార్సు చేసింది. దివాలా బోర్డు 2018లో తన నిబంధనలకు ఆర్థిక విశ్లేషణను జోడించే పద్ధతి పెట్టుకుంది.

సాధన కోసం ఒక పని చెబుతాను, ఈ వారమే చేయండి. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 176(3) సెక్షన్ తీయండి. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి రావాలి. రాష్ట్రాలు దీన్ని ఐదేళ్లలోపు అమల్లోకి తెచ్చుకోవచ్చు. మీ జిల్లాలో ఒక ఏడాదిలో అలాంటి నేరాలు ఎన్ని నమోదయ్యాయో జాతీయ నేర గణాంకాల నివేదికలో వెతకండి. దగ్గరలో ల్యాబ్ ఎక్కడుందో, నిపుణులు ఎంతమంది కావాలో, వాళ్ల జీతం ఎవరి బడ్జెట్‌లోంచి వస్తుందో ఒక పేజీలో రాయండి. రాసింది పక్కవాళ్లకిచ్చి దిద్దించుకోండి. హైదరాబాద్‌లో అశోక్‌నగర్, చిక్కడపల్లి లైబ్రరీ వైపు ఉండేవాళ్లు నలుగురైదుగురు కూడి, తలో జిల్లా తీసుకుంటే ఇంకా బాగుంటుంది.