ఫర్మ్ ఒక్కటే, గడపకో ఫైలు: మూడు చోట్ల క్లినిక్ నడపడంలో నా అనుభవం

మాది డాక్టర్లూ డెంటిస్టులూ కలిసి పెట్టుకున్న పార్ట్‌నర్‌షిప్. మలక్‌పేటలో మెయిన్ క్లినిక్, కూకట్‌పల్లిలో, మియాపూర్‌లో బ్రాంచీలు. అన్నీ హైదరాబాదే అంటాం గానీ, 2016లో జిల్లాలు విడిపోయాక కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజిగిరిలోకి వెళ్ళింది, మియాపూర్ రంగారెడ్డిలోనే ఉండిపోయింది. క్లినిక్ రిజిస్ట్రేషన్ జిల్లాల వారీగా జరుగుతుంది కాబట్టి మూడు ఫైళ్ళు మూడు డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య, ఆరోగ్య అధికారి) ఆఫీసుల్లో నడపాలి. పిన్‌కోడ్ 500072 చూసి కూకట్‌పల్లి దరఖాస్తును హైదరాబాద్ జిల్లాలో పెడితే అది ముందుకు కదలదు.

అన్నిటికంటే ముందు డీడ్ (పార్ట్‌నర్ల మధ్య ఒప్పంద పత్రం), ఫర్మ్ రిజిస్ట్రేషన్ సరిగ్గా ఉండాలి. 1932 పార్ట్‌నర్‌షిప్ చట్టం సెక్షన్ 58 ప్రకారం రిజిస్ట్రార్‌కి ఇచ్చే స్టేట్‌మెంట్‌లో మెయిన్ అడ్రసుతో పాటు మిగతా బ్రాంచీల పేర్లూ రాయాలి. తర్వాత కొత్త బ్రాంచి తెరిచినా, ఉన్నది మూసినా సెక్షన్ 61 కింద తెలియజేయాలి. రిజిస్టర్ కాని ఫర్మ్, అడ్వాన్స్ తిరిగివ్వని బిల్డింగ్ ఓనర్ మీద కూడా దావా వేయడానికి వీలుండదు. లాభాల వాటా డీడ్‌లో రాసుకోకపోతే చట్టం అందరికీ సమానంగా పంచుతుంది. వారమంతా ఒక బ్రాంచిలో కూర్చునే పార్ట్‌నర్‌కీ, రెండు సాయంత్రాలు వచ్చి వెళ్ళే పార్ట్‌నర్‌కీ గొడవ మొదలయ్యేది ఇక్కడే.

అద్దె అగ్రిమెంటు ఫర్మ్ పేరు మీదే ఉండాలి, ఒక పార్ట్‌నర్ పేరు మీద కాదు. కరెంటు బిల్లులో డోర్ నెంబర్ ఎలా ఉందో అగ్రిమెంటులో, ట్రేడ్ లైసెన్సులో, ప్రతి దరఖాస్తులో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. స్లాష్ తర్వాత 'ఎ' ఒక కాగితంలో ఉండి ఇంకోదాంట్లో లేకపోతే ఫైలు వెనక్కి వస్తుంది.

2010 క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద ప్రొవిజనల్ (తాత్కాలిక) సర్టిఫికెట్ ఏడాది, పర్మనెంట్ అయిదేళ్ళు చెల్లుతుంది. బ్రాంచి పక్క వీధికి మారినా పాత సర్టిఫికెట్ సరెండర్ చేసి కొత్తగా పెట్టుకోవాల్సిందే. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారి జరిమానా 50,000 రూపాయల దాకా ఉంటుంది.

ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది బయోమెడికల్ వేస్ట్‌ని, అంటే వైద్యంలో మిగిలే చెత్తని. చిన్న బ్రాంచి చెత్తను రాత్రి కారులో వేసుకుని మెయిన్ క్లినిక్‌కి తెచ్చేస్తారు. ఇది తప్పు. 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం ప్రతి చోటుకీ పొల్యూషన్ కంట్రోల్ బోర్డు ఆథరైజేషన్ వేరుగా ఉండాలి, ఆ చెత్తను శుద్ధి చేసే ప్లాంటు బండి ఆ గడప దగ్గరికే రావాలి. పీకిన పన్ను, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి. గ్లౌజులు, సక్షన్ గొట్టాలు ఎరుపులోకి. సూదులు, బ్లేడ్లు పంక్చర్ కాని తెల్ల డబ్బాలోకి. మత్తుమందు ఖాళీ గాజు కార్ట్రిడ్జులు నీలం డబ్బాలోకి. పసుపు సంచి 48 గంటలు దాటి క్లినిక్‌లో ఉండకూడదు. సంచుల మీది బార్‌కోడ్ ఆ క్లినిక్‌దే కాబట్టి సంచులు అయిపోయాయని పక్క బ్రాంచి నుంచి తెప్పించుకుంటే లెక్క తప్పుతుంది. వార్షిక రిపోర్టు, ఫారం 4, జూన్ 30లోపు బ్రాంచి బ్రాంచికీ ఇవ్వాలి.

డెంటల్ ఎక్స్‌రే మెషీన్‌కి ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ బోర్డు) వారి ఆన్‌లైన్ పోర్టల్ ఈ-లోరాలో లైసెన్సు తీసుకోవాలి. అది మెషీన్‌కీ, అది ఉన్న చోటుకీ కలిపి ఇచ్చేది. రెండేళ్ళకోసారి క్యూఏ (మెషీన్ నాణ్యత) టెస్టు చేయించి రిపోర్టు దాచుకోండి.

అల్ట్రాసౌండ్ ఉంటే నియమాలు ఇంకా గట్టివి. పీసీపీఎన్‌డీటీ (గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను నిషేధించే చట్టం) రూల్స్‌కి 2012లో వచ్చిన సవరణ ప్రకారం ఒక డాక్టర్ ఒక జిల్లాలో రెండు సెంటర్లకు మించి స్కానింగ్‌కి నమోదు కాకూడదు. ఏ సెంటర్లో ఏ వేళల్లో చూస్తారో కూడా స్పష్టంగా రాసి ఇవ్వాలి. మెషీన్ గానీ డాక్టర్ గానీ అడ్రస్ గానీ మారేట్టయితే 30 రోజుల ముందే తెలియజేయాలి. మారాక ఇచ్చే లెటర్‌తో పని జరగదు.