సెంటు రబ్బరు

"నీ కెరీర్ గురించి ఒక పేజీ రాసి, ఫోటోతో సహా నెలాఖరుకల్లా పంపు" అని మన స్కూలు బ్యాచ్ జనవరి కలయిక కమిటీ తరఫున గోళీసోడా మూడుసార్లు ఫోన్ చేశాడు. తీరా రాయడానికి కూర్చుంటే తొమ్మిదో తరగతి బి సెక్షనూ, సోషల్ మాస్టారి రబ్బరు రూలూ తప్ప ఇంకేం గుర్తురావడం లేదు.

మ్యాపుల క్లాసులో రబ్బరు కావాలంటే పక్కవాణ్ణి అడగకూడదు. అది ముందు మాస్టారి టేబుల్ మీదికి వెళ్లాలి, అక్కణ్ణుంచి మన చేతికి రావాలి. బఠానీ సరిగ్గా నా వెనకే కూర్చునేవాడు. అయినా వాడి సెంటు రబ్బరు నాకు చేరేసరికి నా ఆఫ్రికా చెమటకి తడిసి జీడిమామిడి పండయ్యేది. ఆ బొమ్మ పట్టుకుని మాస్టారు స్కూలంతా తిరిగిన రోజు గురించి మీకు చెప్పక్కర్లేదు. బెంచీల కింద దారం కట్టి రబ్బరు లాగే ఏర్పాటు చేసింది ఎవరో ఇప్పుడైనా ఒప్పుకుంటావా గోళీసోడా? పదిహేను రోజులు నడిచింది. ఆ తర్వాత గుంజీలు.

ఇంటర్, ఇంజనీరింగ్, మొదటి ఉద్యోగం వదిలేస్తున్నా. 2003లో కెన్యాలోని నైరోబీ వెళ్లాను, ఇంటర్నెట్ ప్రాజెక్టులకి సలహాదారుగా. అక్కడ మొదటి వారంలోనే ఒక కథ విన్నాను. ఎదురెదురు ఆఫీసులు, వేర్వేరు కంపెనీల కనెక్షన్లు. ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మానికి మెయిల్ పంపితే, అది 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం ఎక్కి, ఏ అమెరికాలోనో దిగి, మళ్లీ అలాగే వెనక్కి వచ్చేదట. రానూపోనూ ఛార్జీ డాలర్లలో! ఈ బాధ పడలేక అక్కడి ఇంటర్నెట్ కంపెనీలు కొన్ని కలిసి 2000 నవంబరులో, ఊళ్లో మెయిల్ ఊళ్లోనే చేతులు మారేలా ఒక ఎక్స్ఛేంజి పెట్టుకున్నాయి. ఒక గది, ఒక స్విచ్, అందరి తీగలూ దానికే. రెండు వారాలకి లైసెన్సు లేదని మూయించారు. పదిహేను రోజులు! నేను పగలబడి నవ్వితే వాళ్లకి ఎందుకో అర్థం కాలేదు. మళ్లీ తెరిచింది 2002 ఫిబ్రవరిలో.

అసలు కష్టం అక్కడివాళ్లది. ఘనా ప్రొఫెసర్ నీ క్వేనార్ (నీ, నా కాదు, ఆయన పేరే అది) లాంటివాళ్లు దేశదేశాల కుర్రాళ్లకి నెట్‌వర్కు పని నేర్పారు. నేను కంపాలా, లుసాకా ఆఫీసుల్లో ఈ ఎక్స్ఛేంజి కథ చెప్పి ఒప్పించడమే పనిగా ఇల్లు కట్టాను, ఇద్దరు పిల్లల్ని చదివించాను. తక్కువేం కాదు లెండి.

2008 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరం హైదరాబాద్‌లో జరిగింది. ముంబై దాడులై వారమే, ఇంట్లో ఒకటే టెన్షన్. అయినా వచ్చి, పనిలో పనిగా మాస్టారింటికీ వెళ్లాను. నైరోబీ కథంతా విని ఆయన అడిగింది ఒక్కటే:

"మరి మధ్యలో టేబుల్ వాడు ఊరుకున్నాడా?"

"ఊరుకోలేదండి. విదేశీ లైన్లన్నీ తన చేతిలో ఉన్న టెల్కామ్ కెన్యా కంపెనీ ఫిర్యాదు మీదే మూయించారు."

"మరి! నన్నంటారేం?"

బఠానీ, నీ రబ్బరు ఇంకా నా దగ్గరే ఉంది. సెంటు పోయింది. జనవరిలో తెస్తాను, ఈసారి నేరుగా నీ చేతికే.