సముద్రపు నీటిలో ఇనుము కొలవడం: బ్లాంకుతో నా తిప్పలు

బంగాళాఖాతం నీటిలో కరిగి ఉన్న ఇనుము లెక్క ఎట్టకేలకు తేలింది. చిరాకు చల్లారకముందే రాసేస్తున్నా. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ముందు ఐసీపీ-ఎంఎస్ (లోహాలను పరమాణు ద్రవ్యరాశిని బట్టి కొలిచే మిషను) గురించే అడుగుతారు. అసలు పీడ అక్కడ లేదు, బ్లాంకులో ఉంది: సముద్రపు నీరు లేకుండా అదే పనంతా చేసినా కనిపించే ఇనుము, అంటే మన ఆమ్లాలు, సామాను, గది నుంచి చేరేది.

నీళ్లు పట్టడం సాఫీగానే జరిగింది: టెఫ్లాన్ పూత ఉన్న గో-ఫ్లో సీసాలు, ఉక్కు తీగ బదులు కెవ్లార్ తాడు, 0.2 మైక్రాన్ ఫిల్టరు. నిల్వకు ఎల్‌డీపీఈ ప్లాస్టిక్ సీసాలు. డిటర్జెంటులో వారం, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నెల నానాలి. దీనికి ఓపిక చాలు.

ఇంత మడి ఎందుకంటే, లీటరు నీటిలో అర నానోమోల్ ఇనుము అంటే 28 నానోగ్రాములు. మామూలు మట్టిలో సుమారు 4 శాతం ఇనుమే. ఒక్క మైక్రోగ్రాము దుమ్ము 250 మిల్లీలీటర్ల సీసాలో పడి కరిగితే లీటరుకు దాదాపు 3 నానోమోల్ కలిసినట్టే. ఇక కొలిచేది సముద్రాన్ని కాదు, గదిని.

పైగా లీటరులో 35 గ్రాముల ఉప్పు. మిషను సుఖంగా భరించేది 2 గ్రాములే. పలచబరిస్తే ఇనుము కనిపించదు. అందుకే నోబియాస్ పీఏ-1 రెజిన్ కాలమ్, అంటే లోహాలను పట్టే గుళికలు నింపిన గొట్టం: అమ్మోనియం అసిటేట్ బఫరుతో (పీహెచ్‌ను నిలిపే ద్రావణం) పీహెచ్ 6 దగ్గరికి తెచ్చి పంపితే లోహాలు అంటుకుంటాయి, సోడియం, కాల్షియం దాదాపుగా పోతాయి. తర్వాత 1 మోలార్ నైట్రిక్‌తో దించుకోవాలి. 20 మిల్లీలీటర్ల నమూనాను 1 మిల్లీలీటరుకు తెస్తే ఇరవై రెట్లు చిక్కబడినట్టు.

ఇక ఆమ్లం సంగతి. నమూనాను పీహెచ్ 1.8 దగ్గర ఉంచడానికి లీటరుకు 2 మిల్లీలీటర్ల గాఢ హైడ్రోక్లోరిక్ పోస్తాం. ఆ ఆమ్లంలో లీటరుకు 100 మైక్రోగ్రాముల ఇనుముంటే, నమూనాలో 3.6 నానోమోల్ మనమే పోసినట్టు. ఇది కొనుగోళ్ల సెక్షనుకు ఎక్కదు. మేం అడిగింది అతిశుద్ధ ఆమ్లం. "రెండూ హైడ్రోక్లోరిక్కే కదండీ, ఎల్-1 ఇది" అని (ఎల్-1 అంటే అందరికంటే తక్కువ ధర కోట్ చేసినవాళ్లది) గాజు సీసాలో ఏఆర్ గ్రేడు, అంటే మామూలు ల్యాబు రకం, అంటగట్టారు. ఇండెంటులో "అతిశుద్ధ" అని మాత్రం రాయకండి, దానికి వాళ్ల దగ్గర విలువ లేదు. ఒక్కో లోహం లీటరుకు ఎన్ని నానోగ్రాములు మించరాదో, సీసా ఫ్లోరోపాలిమర్‌దే (టెఫ్లాన్ లాంటి ప్లాస్టిక్) కావాలనీ రాయండి. లేదా సబ్-బాయిలింగ్ స్టిల్‌లో మీరే శుద్ధి చేసుకోండి. మరగకుండా ఆవిరయితే బుడగలు చిట్లవు, తుంపరలతో లోహాలు దాటవు. వచ్చిన ఆమ్లం గాఢత మాత్రం టైట్రేషన్‌తో చూసుకోవాలి, మారుతుంది.

ఆమ్లం మార్చాక కూడా బ్లాంకు దిగలేదు. ఒకరోజు తక్కువ, మర్నాడు రెట్టింపు. ఎక్కువున్నా నిలకడగా ఉంటే తీసేసి లెక్కేసుకోవచ్చు. డిటెక్షన్ పరిమితి అంటే బ్లాంకుల చెదురుకు మూడు రెట్లు, కాబట్టి ఊగిసలాటే మనల్ని ముంచేది. అందరూ మిషనునే అనుమానించారు. దోషం ఎక్కడుందో పరిమాణాలు మార్చి చూస్తేనే తెలుస్తుంది. బఫరు రెట్టింపు చేస్తే బ్లాంకు పెరిగిందా? తప్పు బఫరుది. నమూనా పేరుతో పంపే ఆమ్లజలం రెట్టింపు చేస్తే పెరిగిందా? నీటిదో, ఆమ్లానిదో. ఏమీ పంపకుండా నైట్రిక్ ఒక్కటే పోసినా అంతే వస్తే నైట్రిక్‌దో, గొట్టాలదో. వరసగా కడుగుతుంటే తగ్గుతూ పోతే కాలమ్‌ది. మాకు దొరికింది బఫరు. దాన్ని వాడే ముందు అదే రకం రెజిన్ ఉన్న మరో కాలమ్ గుండా పంపడం మొదలుపెట్టాక ఇనుము బ్లాంకు దారికొచ్చింది.

జింకు మాత్రం మొండికేసింది. గ్లవ్స్! రబ్బరు తయారీలో జింక్ ఆక్సైడ్ వాడతారు. పౌడరు లేని నైట్రైల్ మీద పాలిథిన్ గ్లవ్స్ తొడిగితే సరి. సముద్రం ఒడ్డున ఊరయితే ల్యామినార్ క్యాబినెట్ (వడకట్టిన గాలి వీచే పని అర) స్క్రూలు కూడా చూడండి, ఉప్పుగాలికి తుప్పు రాలుతుంటుంది.

మిషను దగ్గర తలనొప్పి ఒక్కటే: మిషనులోని ఆర్గాన్, ఆక్సిజన్ కలిసి ద్రవ్యరాశి 56 దగ్గర ఇనుము మీదే కూర్చుంటాయి. రెంటినీ విడదీయడానికి 2500 రిజల్యూషన్ (దగ్గరి ద్రవ్యరాశులను వేరుగా చూసే శక్తి) కావాలి. సెక్టార్ ఫీల్డ్ మిషనులో మీడియం రిజల్యూషన్, అంటే 4000, పెడితే చాలు. క్వాడ్రుపోల్ రకం మిషను అయితే అలాంటి అడ్డు అయాన్లను వాయువుతో తొలగించే కొలిజన్ సెల్ తప్పదు. కాడ్మియం చూసేవాళ్లకి ఇంకో మాట: రెజిన్ మాలిబ్డినమ్‌ను కొంత పట్టుకుంటుంది, దాని ఆక్సైడ్ కాడ్మియం కొలిచే 111, 114 ద్రవ్యరాశులు రెండింటి మీదా పడుతుంది.

ఆఖరున సేఫ్ డి2 నమూనా నడిపాం. 2004లో ఉత్తర పసిఫిక్‌లో పట్టి, ప్రయోగశాలలన్నీ పోల్చుకోవడానికి ఉంచిన నీరది. ఇనుము అంగీకృత విలువ కిలోకు సుమారు 0.93 నానోమోల్. మాకు 0.92 వచ్చింది. మిషను మార్చమన్న పెద్దమనుషులకి ఆ కాగితం పంపాను.

కోబాల్ట్ జోలికి ఇంకా పోలేదు. అది సేంద్రియ పదార్థాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది, ఆమ్లం ఒక్కదానికే వదలదు. కాలమ్‌కు ముందు యూవీ దీపం కింద పెట్టాలి. ఆ దీపం ఇండెంటు ఇప్పుడు సెక్షనులో ఉంది.