డార్విన్‌లో గుల్లలు వెతికే ఉద్యోగం

నేను ఏం పని చేస్తానని ఇంటి దగ్గర ఎవరైనా అడిగితే చెప్పడానికి చాలా టైం పడుతుంది. ఆస్ట్రేలియా ఉత్తరం కొసన డార్విన్‌లో ఉంటాను, జెట్టీల కింద తాళ్లకు కట్టి వేలాడదీసిన ప్లాస్టిక్ పలకలు పైకి లాగి వాటి మీద ఏ జీవులు పట్టాయో చూడడం, ఫొటోలు తీయడం, రాసుకోవడం, మళ్లీ నీళ్లలోకి దించడం, ఇదే పని. చదువుకని వచ్చి, పార్ట్ టైంగా బోట్ల దగ్గర పనికి చేరి, అలా ఇందులో పడ్డాను. ఇక్కడ నీళ్లలో మొసళ్లు ఉంటాయి, అక్టోబర్ నుంచి మే దాకా బాక్స్ జెల్లీ ఫిష్ అనే విషపు జీవి భయం కూడా, మాటిమాటికీ మనిషిని దింపి చూడలేరు కాబట్టి పలకలే మనకి కళ్లు.

చేరిన కొత్తలో సూపర్‌వైజర్ ఒక ఫొటో చూపించి ఇది కనిపిస్తే వెంటనే చెప్పాలి అన్నాడు. చిటికెన వేలి గోరంత నల్లచారల గుల్ల, బ్లాక్ స్ట్రైప్డ్ మసెల్ అంటారు. కింద అది ఎక్కడెక్కడ ఉందో లిస్టు, ఫిజీ, సింగపూర్, హాంకాంగ్, ఇండియా. ఇండియా పక్కన విశాఖపట్నం, 1967 అని ఉంది. నాది విశాఖే. మా నాన్న ముప్పై ఏళ్లు అక్కడ ఓడల రిపేర్ పనిలోనే ఉన్నాడు, డ్రైడాక్‌లోకి, అంటే నీళ్లు తోడేసి ఓడని ఆరబెట్టే రేవులోకి, వచ్చిన ఓడ అడుగు గోకి గుల్లలు రాల్చడం చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన మాట నాకు, ఆ గుల్లల్లో ఇది కూడా ఉందని, అది అసలు మన సముద్రంది కాదని, ఎక్కడో కరీబియన్ వైపు నుంచి ఓడలతో పాటు వచ్చిందని ఇంత దూరం వచ్చాక తెలిసింది.

డార్విన్ కథ వేరే. 1999 మార్చి నెలాఖర్లో ఇక్కడి కలెన్ బే మెరీనాలో, అంటే చిన్న బోట్లు కట్టేసి ఉంచే రేవులో, సర్వేకి దిగిన డైవర్లకి ఈ గుల్ల కనిపించింది. ఆరు నెలల ముందు చేసిన సర్వేలో ఒక్కటి కూడా లేదు, ఈ ఆరు నెలల్లోనే గుత్తులు గుత్తులుగా అల్లుకుపోయింది, పుట్టిన నెల రోజులకే గుడ్లు పెట్టే జాతి మరి. ఇక్కడ ఆటుపోట్ల తేడా ఎనిమిది మీటర్ల దాకా ఉంటుంది, అందుకని మెరీనాలకి లాక్ గేట్లు కట్టారు, పోటు తగ్గినా లోపల నీళ్లు నిలవడానికి కట్టిన ఆ గేట్లే ఆ రోజు ఊరిని కాపాడాయి. గేట్లు మూసేశారు, మూడు మెరీనాల నీళ్లలో క్లోరిన్ బ్లీచ్, మైలుతుత్తం పోశారు, లోపలున్న చేపలతో సహా అన్నీ చచ్చిపోయాయి. అంతకుముందు అక్కడి నుంచి బయటికి వెళ్లిపోయిన బోట్లు వందల్లో ఉన్నాయి, వాటిని తీరం పొడవునా వెతికి పట్టుకుని ఒక్కొక్కటీ చెక్ చేశారు. ఖర్చు 22 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు దాటింది. చేపల్ని అలా చంపడం సబబేనా అని నేను చాలాసార్లు ఆలోచించాను, వేరే దారి లేదనే అనిపిస్తుంది. చేపలు తర్వాత తిరిగి వచ్చాయి, గుల్ల మాత్రం రాలేదు. అది హార్బర్‌లోకి పాకి ఉంటే ఇక్కడి ముత్యాల ఫారాలు ఏమయ్యేవో.

అయితే ఈ సముద్రం ఒక్క దేశానిది కాదు కదా, పక్కనే టిమోర్, ఆ పైన ఇండోనేషియా, యాట్‌లు అనే షికారు పడవలు, చేపల బోట్లు వస్తూనే ఉంటాయి. బ్యాలస్ట్ నీళ్ల మీద, అంటే ఓడ నిలకడగా ఉండడానికి లోపల నింపుకునే నీళ్ల మీద, అంతర్జాతీయ ఒప్పందం 2017 సెప్టెంబర్ 8 నుంచి అమల్లో ఉంది కానీ ఈ గుల్ల ఎక్కువగా బోటు అడుగుకి అతుక్కుని వస్తుంది, చిన్న యాట్‌లో బ్యాలస్ట్ నీళ్లే ఉండవు. అలా అడుగుకి అతుక్కుని వచ్చేవాటి మీద 2011లో ఐఎంఓ, అంటే ఐక్యరాజ్యసమితి ఓడల సంస్థ, ఇచ్చినవి గైడ్‌లైన్స్ మాత్రమే, పాటించకపోతే అడిగేవాళ్లు లేరు. అందుకే ఇక్కడ విదేశాల నుంచి వచ్చిన యాట్‌ని అడుగు చూశాకే మెరీనాలోకి రానిస్తారు, లోపలి నీళ్ల పైపుల్లో కూడా మందు ఎక్కించి గంటల తరబడి ఉంచుతారు. ఇంకోటి, మన తీరంలో సహజంగా పెరిగే పచ్చ గుల్ల, కేరళ వాళ్లు కల్లుమ్మక్కాయ అని ఇష్టంగా వండుకునేది, అది కూడా ఇక్కడ వాంటెడ్ లిస్టులో ఉంది. తప్పు గుల్లది కాదు, అది పుట్టిన చోట దాన్ని తినే జీవులుంటాయి, కొత్త చోట ఉండవు.

పోయిన వర్షాకాలంలో ఒక పలక లాగితే బార్నకిల్స్ అనే గట్టి పెంకు జీవుల మధ్యలో నల్లటి చిన్న గుల్ల ఒకటి, పైన చారలు. నా చేతులు వణికాయి, నిజంగా. ఆ గుల్లని గుర్తుపట్టాలంటే విప్పి చూడాలి, లోపల మొన దగ్గర చిన్న అర లాంటిది ఉంటుంది, మన ఇళ్లలో గోడ మూలన బిగించే చిన్న బల్లలాగా. ఫొటో తీసి, సీసాలో వేసి, ఫోన్ చేసి అక్కడే కూర్చున్నాను. మా వాళ్లు వచ్చి విప్పి లెన్స్‌తో చూశారు, అర లేదు, ఇక్కడి లోకల్ గుల్లే. ఆ రోజు రిపోర్ట్‌లో ఏమీ దొరకలేదు అనే రాశాను, నెలనెలా రాసేదే, కానీ ఆ ముక్క రాస్తున్నప్పుడు కలిగిన సంతోషం జీతం పడ్డ రోజు కూడా కలగలేదు.

రాత్రి నాన్నకి చెప్పాను. మాకు పదైతే విశాఖలో సాయంత్రం ఆరు. "ఏట్రా, ఆ గుల్ల కోసం అంత భయవా? మేం తట్టలకి తట్టలు ఎత్తేవోళ్లం" అన్నాడు. మనకి 1967లోనే తెలిసినా గేట్లు వేసే వీలు లేకపోయింది నాన్నా అన్నాను, విశాఖ లోపలి హార్బర్‌ని మూసి మందు కొట్టడం అయ్యే పని కాదు. కానీ అక్కడి నుంచి ఇంకెక్కడికి పాకిందో, ఏ వాగు మొగలోకి ఎక్కిందో నెలనెలా చూసే పలకలైనా వేలాడదీయొచ్చు కదా, తాడు, ప్లాస్టిక్ ముక్క, అంతే కదా కావాల్సింది.

నాన్న ఏమీ అనలేదు. నాలుగు రోజుల తర్వాత పొద్దున్నే ఫొటో పంపాడు, జెట్టీ దగ్గర పాత తాడు, దాని నిండా గుత్తులు. వెంటనే ఫోన్ చేసి, ఫొటోలో చెప్పలేను నాన్నా, ఒకటి విప్పి చూడు, మొన దగ్గర చిన్న అర ఉందేమో అన్నాను. కాసేపు గాలి చప్పుడే వినిపించింది.

"ఉందిరా" అన్నాడు.